పక్కకు పడుకున్న రేణువు

ఆడపిల్లల హాస్టల్లో నాలుగు వేపచెట్లు కేశవులు మాట మీద నేలకూలాయి. చెట్లు పోయినా పిల్లల ఆయాసం మాత్రం పోలేదు. నిన్న సాయంత్రం ఆరో తరగతి పిల్లనొకదాన్ని ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు.

కేశవులు పుప్పొడి మీద పరిశోధన చేస్తున్నవాడు. పిల్లలకు ఊపిరాడటం లేదని కబురొస్తే, హాస్టల్ డాబా మీద జిగురు పూసిన గాజుపలకలు పెట్టాడు. గాలికి వచ్చి అంటుకున్న పుప్పొడిని గ్లిజరిన్ చుక్కలోకి దించి మైక్రోస్కోపు కింద చూశాడు. కాస్త పొడుగాటి రేణువులు, ఒంటి మీద నాగటి చాలు లాంటి గాడి. వేప స్లైడు పక్కన పెట్టుకుని పోల్చాడు. అచ్చం అదే.

వార్డెనమ్మ పాపం, "పక్కానా సారూ? చల్లటి నీడనిచ్చే చెట్లు" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. పక్కా అన్నాడు.

ఈ విద్యలో తల నెరిసిన గురువు జకరయ్య సార్ పక్క గదిలోనే ఉన్నాడు. ఆయనకొకసారి చూపిద్దామని మాత్రం తోచలేదు. పట్టా చేతికందబోతున్నవాడు ఇంకా ఒకరిని అడగడమేమిటన్న పౌరుషం.

ఇవాళ ఆ పౌరుషమంతా దిగిపోయి, అదే స్లైడు పట్టుకుని సార్ ముందు నిలబడ్డాడు. రాత్రి నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సార్, ఇది వేపనే గదా? వేపనే అని చెప్పుండ్రి."

అది ప్రశ్న కాదు, వేడుకోలు. చెట్లెట్లాగూ పోయాయి. కనీసం తప్పు చెట్లదే అయితే ఈ బతుక్కి కొంచెం నిమ్మళం.

సార్ స్లైడు పెట్టి, చాలాసేపు చూశాడు. తర్వాత డబ్బాలోంచి సూది తీసి, రేణువు మీద కప్పిన పలచటి గాజుబిళ్ళ అంచును మెల్లగా తట్టాడు. పడుకున్న పసిబిడ్డను ఒత్తిగిలేటట్టు చేసినంత మెల్లగా.

"ఇప్పుడు జూడు."

కేశవులు కన్ను ఆనించాడు. గ్లిజరిన్‌లో రేణువు బద్ధకంగా దొర్లి, నిలువునా లేచి, తల చూపించింది. చాళ్ళన్నీ ఒక్కసారే కనబడ్డాయి. లెక్కపెట్టాడు. మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడే.

వేపకు నాలుగుంటాయి. పొడుగు రేణువు పక్కకే పడుకుంటుందని, పడుకున్నప్పుడు ఒకటో రెండో చాళ్ళే అగుపిస్తాయని, దొర్లించి చూడనిదే పేరు పెట్టకూడదని తెలియనివాడు కాదు. జూనియర్లకు ఆ పాఠం చెప్పింది తనే. ఊళ్ళోవాళ్ళకు శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

"ఎన్ని జూసినవ్ ఇట్లాంటివి?" అన్నాడు సార్.

"వందల్లో, సార్."

కేశవులు కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఏడుపు ఆగలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చిన పాపిని తనే. రేపు ఎండలు ముదిరితే ఆ పిల్లలు ఏ నీడన కూర్చుంటారు? ఆస్పత్రిలో ఉన్న ఆ పిల్ల అసలు తిరిగొస్తుందా? సార్ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

కాసేపటికి కేశవులు ఉలిక్కిపడ్డట్టు తలెత్తాడు. మూడు చాళ్ళు. హాస్టల్ గోడ అవతల కనుచూపుమేర ఆముదం చేలు, నిండా పూత మీద.

"ఆముదం సార్! ఆముదమే! మూడు చాళ్ళు ఉంటయ్ గదా. చుట్టూ అవే చేన్లు. ఇప్పుడే చెప్త. పెద్దాఫీసర్లతో చెప్పించి అన్ని చేన్లు పీకిస్తే ఆ పిల్ల..."

మాట పూర్తికాకముందే వార్డెనమ్మకు ఫోన్ కలిపాడు. అవతల మోగుతోంది.

జకరయ్య సార్ కిటికీ దగ్గర్నుంచి వచ్చి, బల్ల మీది సూదిని తీసి శిష్యుడి ముందుకు చాపాడు.

"దొర్లించి జూసినవి ఎన్ని?"

ఫోన్లో వార్డెనమ్మ గొంతు పలికింది. "సారూ, చెప్పుండ్రి. ఇప్పుడేం కొట్టియ్యాలె?"

కేశవులు సూది అందుకుని, మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగాడు.