ఇరవయ్యో వంతు నేల

ఎవరైనా ప్రశ్న అడిగితే యోహాను మాస్టారు చెప్పులు తొడుక్కునేవారు. జవాబు గదిలో దొరకదని ఆయన నమ్మకం. ఉత్తరాంధ్ర తీరంలో ఆయన నడిపే చిన్న కార్యశాలకు పటాలు గీయడం నేర్చుకునేందుకు వచ్చినవారందరికీ ఈ అలవాటు తెలుసు. ఎండలో నడవవలసి వస్తుందన్న భయంతో చాలామంది తమ ప్రశ్నలను తమలోనే దాచుకునేవారు.

హైమవతి దాచుకోలేదు. ఆమె ఒంటరిగా పూర్తిచేసిన మొదటి పటం గురించిన ప్రశ్న అది. తీరాన ఉన్న ఒక గ్యాసు నిల్వకేంద్రం చుట్టూ ఆమె అయిదు కిలోమీటర్ల వలయం గీసింది. ఆ వలయం లోపలి ప్రతి ఇంటికీ, ప్రమాదం వస్తే మోగే సైరన్ పెట్టెను బిగిస్తారు. బయటివారికి బిగించరు. అధికారులు పటాన్ని ఆమోదించారు. ఆ తరువాత ఆమెకు తప్పు కనిపించింది. ఇంటర్నెట్ పటం గుండ్రని భూమిని చదునైన తెర మీద పరిచేటప్పుడు, భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ నేలను సాగదీస్తుంది. ఆమె అలా సాగిన నేల మీదనే అయిదు కిలోమీటర్లు కొలిచింది. కనుక అసలు నేల మీద ఆమె గీత, ఆ ప్రాంతంలో, దాదాపు ఇరవయ్యో వంతు ముందుగానే ఆగిపోయింది.

“మాస్టారూ, వలయం గుండ్రంగానే ఉంది. చూసినవారెవరికీ తేడా తెలియదు. ఇప్పుడు వెనక్కి అడిగితే ఇక మీదట మనకు పని ఇస్తారో లేదో కూడా తెలియదు. ఇరవయ్యో వంతు కోసం ఆమోదం పొందిన పటాన్ని వెనక్కి తీసుకోవాలా?”

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు. దూరాన్ని భూమి వంపుతో సహా లెక్కకట్టే జీపీఎస్ పరికరాన్ని ఆమె చేతిలో పెట్టి, “నీ గీత నేల మీద ఎక్కడ పడిందో చూపించు” అన్నారు.

ఆ గీత ఒక జాలరిపాలెం మొదట్లో, మొదటి ఇంటి వాకిట్లో పడింది. ఊరంతా గీతకు అవతలే ఉంది. పరికరం చూసుకుంటూ హైమవతి వాకిట్లో అటూ ఇటూ కదులుతూంటే, అరుగు మీద ఎండుచేపలు ఏరుతున్న ముసలామె తలెత్తింది.

“ఏటమ్మా, ఏటి పారేసుకున్నావు? మా గుమ్మంలో ఎతుకుతన్నావు?”

“ఏమీ పారేసుకోలేదు మామ్మా. కొలతకు వచ్చాం.”

“కూత పెట్టి కోసమా?” సైరన్ పెట్టె గురించేననుకుని ముసలామె ముఖం వెలిగింది. “బేగి బిగించండమ్మా. గట్టిగా కూసేదే తేండి. మా ఆయనకి సెముడు. పెళ్లయిన కాడి నుంచీ నానరుస్తానే ఉన్నాను, ఇనడు. గవుర్నమెంటు అరిస్తే ఇంటాడేమో సూద్దాం.”

“ఎవుళితోటే నా మీద సాడీలు సెప్తన్నావు?” అని ఇంట్లోంచి మగగొంతు వినిపించింది.

“సూసినావా! సాడీలైతే ఇనిపిస్తాయి.”

మాస్టారు నవ్వారు. హైమవతి కూడా నవ్వబోయింది. అంతలో ద్వారబంధం పక్కన కొత్తగా కొట్టిన మేకు ఆమె కంటపడింది. పెట్టె కోసం ముందే కొట్టి ఉంచారు.

“పోయినసారి గేసు వాసనొచ్చినప్పుడు పక్కింటోళ్లు తలుపు బాది లేపినారమ్మా,” అంది ముసలామె, చేపలు ఏరుతూనే. “ఈసారి లేపడానికి ఆళ్లు లేరు.”

పక్కింటికి తాళం వేసి ఉంది. తాళం తుప్పు పట్టింది.

“మరి ఎప్పుడు తెస్తారు?” అని ముసలామె మళ్ళీ అడిగింది. హైమవతి ఆమోదింపజేసుకున్న పటం ప్రకారం ఆ ఇంటికి ఏ పెట్టే రాదు. ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు పెగల్లేదు. వస్తామని తల ఊపి బయటికి నడిచింది.

“అసలైన అయిదు ఎక్కడ?” అని మాస్టారు అడిగారు.

ఆమె నడిచింది. పెంకుటిళ్ల వరుసను, ఉయ్యాలలో పసిబిడ్డ నిద్రపోతున్న ఒక పందిరిని, ఆరబెట్టిన వలలను దాటింది. పరికరంలో అయిదు కిలోమీటర్లు పూర్తయ్యేసరికి ఊరు వెనకబడి, కాళ్ల కింద ఇసుక మొదలైంది. ఆమె అక్కడే నిలబడి అధికారికి ఫోను చేసింది. అవతలి మాటలు మాస్టారికి కూడా వినిపించేంత గట్టిగా వచ్చాయి.

“ఇరవయ్యో వంతుకి ఇంత హడావుడి ఏమిటమ్మా? పైవాళ్లకి నేనేం చెప్పను?”

“నేను తప్పు గీశానని చెప్పండి సార్. ఆ వంతులో ఒక ఊరుంది. రేపు పొద్దున్న కొత్త పటం మీ బల్ల మీద ఉంటుంది.”

ఆమె ఫోను పెట్టేసింది. నిలబడ్డ చోట మడమతో ఇసుకలో ఒక గీత గీసింది. అప్పుడు చూసింది. గీతకు అవతల, నాలుగు బారల దూరంలో, ఒక తాటాకు పాక ఉంది. పాక ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషి ఇందాకటి నుంచీ వీళ్లనే చూస్తున్నాడు.

“అమ్మా, పెట్టి మాకూ వస్తాదా?” అని అక్కడి నుంచే కేకేశాడు.

హైమవతి పరికరం వైపు చూసింది, పాక వైపు చూసింది. “మాస్టారూ,” అంది మెల్లగా, “గీతను కాస్త జరిపితే ఆయన కూడా లోపలికి వస్తాడు.”

“అతనికో పెట్టె ఇమ్మని అడగదలిస్తే అడుగు. నేనూ సంతకం పెడతాను. అయిదును మాత్రం కదపకు.”

“మరి ఇప్పుడు ఆయనకేం చెప్పను?”

“ఉన్నదే చెప్పు,” అన్నారు మాస్టారు. “నోరు పెగిలితే, పటం సరిగ్గా వచ్చినట్టే.”