గాటు లేని ఇరుసు

అనగనగా అంటే ఎంత అనగా? మీ తాతగారి తాతకు పాలపళ్ళు రాకముందు మాట. పెద్ద సరస్సు నడుమ చిట్టిపర్రు అనే లంక ఉండేది. అక్కణ్ణుంచి బయటికి పోవాలంటే ముందు బురద, తరవాత నీళ్ళు, మళ్ళీ బురద. పడవ బురదలో కదలదు, బండి నీళ్ళలో తేలదు. అందుకని ఊరివాళ్ళు తాటిదోనె కింద ఇరుసు కట్టి రెండు చక్రాలు తగిలించారు. రెండు దున్నపోతులు దాన్ని బురదలో నడిచి లాగేవి, నీళ్ళలో ఈది లాగేవి. నలుగురు పట్టే చిన్న దోనెబండి. ఊరికి అదొక్కటే దిక్కు.

ఆ బండికి కందెన వేసేది నాంచారి. ముందూ వెనకా ఎవరూ లేని ముసల్ది. ఆముదంలో గడ్డి బూడిద కలిపి, చక్రం తిరిగే చోట ఇరుసుకు పూసేది. ఎంత తోమినా ఆమె చేతుల నలుపు పోయేది కాదు. పెళ్ళిపందిట్లో ఆమెకు ఆకు చివరి వరసలోనే.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. ఎవరు క్షేమంగా నీళ్ళు దాటొచ్చినా, అమ్మవారి మొక్కుగా ఇరుసు మీద చక్రం పక్కన ఉలితో ఒక గాటు పెట్టేవాళ్ళు. జ్వరం తగ్గితే గాటు. కొత్త కోడలొస్తే గాటు. గాట్లు ఎన్నుంటే ఊరికి అంత గొప్ప. పక్క లంకవాళ్ళను పిలిచి మరీ చూపించేవాళ్ళు.

ఒక ఏడు తుమ్మ ఇరుసు విరిగింది. మిరపకాయల బస్తాలు మునిగాయి.

"సన్నంగా ఉంది, అంతే," అన్నాడు వడ్రంగి కనకాచారి. రెండింతల లావుది చెక్కాడు. ఇరుసు లావైంది, గాట్లు నిండాయి.

రెండో ఏడు ఆ లావు ఇరుసూ విరిగింది. ఒక దున్నపోతు కాలు పోయింది. "ఇంకా లావు కావాలి," అన్నాడు కనకాచారి. ఈసారి చుట్టూ ఇనప పట్టీలు కూడా కొట్టించాడు. ఊరివాళ్ళు తక్కువ తిన్నారా? పట్టీల మధ్య సందు చూసుకుని గాట్లు పెట్టారు. ఇరుసు లావైంది, గాట్లు నిండాయి.

మూడో ఏడు పట్టీల ఇరుసూ విరిగింది. నడినీళ్ళలో దోనె బోర్లాపడింది. బండి తోలే సోములు దాని కింద పడి చచ్చిపోయాడు. రోజూ తన గంజిలో సగం నాంచారికి పోసిన మనిషి. మూడు రోజులు పొయ్యిలు వెలగలేదు.

నాలుగో రోజు నాంచారి విరిగిన ఇరుసు ముక్క దగ్గర కూర్చుంది. విరిగిన చోట సగం తెల్లగా ఉంది, సగం నల్లగా ఉంది. నలుపును వేలితో తుడిచింది, వాసన చూసింది. ఆముదం. తను పూసిన కందెనే. అంటే ఆ పగులు ఇవాళ్టిది కాదు. ఎన్నాళ్ళ కిందటో గాటు దగ్గర నోరు తెరిచి, రోజుకింత కందెన తాగుతూ లోపలికి పోయింది. ఆచారి పెరట్లో పడున్న పాత ముక్కలు కూడా తిరగేసింది. అన్నీ గాటు దగ్గరే, అన్నీ నల్లగానే.

అప్పుడు ఆమె చేతిలోని ముక్కను కింద పెట్టేసింది. ఊళ్ళో అందరూ మరిచిపోయారు గాని, ఆ ఆచారం మొదలుపెట్టింది తనే. ముప్పై ఏళ్ళ కిందట బిడ్డ జ్వరం తగ్గించుకుని వస్తూ, సంతోషం పట్టలేక చేపల కత్తితో ఇరుసు మీద తొలి గాటు పెట్టింది. ఆ బిడ్డ మరుసటేడు మశూచికి పోయింది. గాటు మాత్రం ఊరిదైంది.

ఆ శుక్రవారం ఊరిపెద్ద ఘంటయ్య కోడలు, పెద్దింట్లు అనే పిల్ల, కాన్పుకు పుట్టింటికి పోవాలి. నెలలు నిండాయి, తొలికాన్పు. లంకలో మంత్రసాని లేదు. కొత్త ఇరుసు సిద్ధమైంది. ఘంటయ్య భయపడి, "ఈసారి ముందే ఇంటికో గాటు పెట్టండి, అమ్మ కాపాడుతుంది," అన్నాడు. నలభై ఇళ్ళవాళ్ళు ఉలులు పట్టుకొచ్చారు.

నాంచారి పోయి ఇరుసు మీద బోర్లా పడుకుంది.

"లెగవే, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు ఘంటయ్య.

"గాటు దగ్గరే ఇరుగుతోంది పెద్దయ్యా. ఇదిగో, ఈ నలుపు చూడండి."

"అమ్మకు పెట్టే మొక్కునే తప్పంటావా?"

"మొక్కు తప్పు కాదయ్యా. కత్తి తప్పు. మొదటి గాటు పెట్టిన పాపిష్టిదాన్ని నేనే. సోముల్ని చంపింది నా గాటే. కొట్టదల్చుకుంటే నన్ను కొట్టండి, దీన్ని కొట్టకండి."

కనకాచారి ఆ ముక్క అందుకున్నాడు. పాతముక్కలు తెప్పించుకుని పక్కన పెట్టి చూశాడు. చేతిలో ఉలి జారి కాలి మీద పడినా చూసుకోలేదు. ఒక్కొక్కరే తమ చేతుల కేసి చూసుకున్నారు. ఎవరి గాటుకు సోములు పోయాడో, ఎవరు చెప్పగలరు?

అప్పుడు పెద్దింట్లు కడుపు పట్టుకుని ముందుకొచ్చింది. "మామయ్యా, ఇరుసు నున్నగా ఉంటేనే నేను ఎక్కుతాను. నాంచారత్త నా పక్కన కూర్చోవాలి."

గాటు లేకుండా బండి కదిలింది. నాంచారి అంచుకు వంగి దారంతా ఇరుసు కొస మీద చెయ్యి వేసే ఉంచింది. బురద దాటారు, నీళ్ళు దాటారు, మళ్ళీ బురద దాటారు. పెద్దింట్లుకు ఆడపిల్ల పుట్టింది.

ఆ ఇరుసు విరగలేదు. ఏడేళ్ళ తరవాత నాంచారే పోయింది. ఊరంతా ఏడ్చింది. ఆమె పేరు నిలబడాలని అందరూ బండి దగ్గరికి చేరారు. ఘంటయ్య కళ్ళు తుడుచుకుని, "నాంచారి పేరున ఒక్కటి," అంటూ ఇరుసు మీద ఉలి ఆనించాడు. కనకాచారి సుత్తి అందించాడు.

"ఏం చేస్తున్నారు మామయ్యా?" అంది పెద్దింట్లు.

సుత్తి గాలిలోనే ఆగిపోయింది. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇంత చూసి, ఇంత ఏడ్చి, మళ్ళీ అదే చెయ్యి లేచింది! ఘంటయ్య ఉలిని సరస్సులోకి విసిరేశాడు.

ఇప్పటికీ ఆ లంకల్లో బండి నీళ్ళలోకి దిగేముందు ఎక్కేవాళ్ళంతా అరచేతికి ఆముదం రాసుకుని ఇరుసును ఆ చివర నుంచి ఈ చివరకు నిమురుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు, ఇంత పేరున్న మనిషికి గుర్తుగా ఒక్క రాయైనా లేదేమని. వాళ్ళ చెయ్యి పట్టుకుని ఇరుసు మీద పెట్టి, "ఏమన్నా తగిలిందా?" అంటారు. ఏమీ తగల్లేదని చెబితే, "అదే నాంచారి, ఎక్కు," అంటారు.