తీగల కింద దాచిన గడి

అమ్మలారా, అయ్యలారా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద చోటు చాలకపోతే పక్కవారిని కాస్త మోకాలు ముడుచుకోమనండి. స్వామి సన్నిధిలో కూర్చున్నప్పుడు ఇరుకు కూడా సుఖమే. ఈ పూట నేను చెప్పబోయేది పురాణం కాదు గానీ, విని లేచేటప్పుడు పురాణం విన్నంత నిండుగానే ఉంటుంది. నంద్యాలలో వరదాచార్యులవారని ఒక గురువుగారు. ఆయన దగ్గర హంసవేణి అని ఒక శిష్యురాలు. ఆ అమ్మాయి ఒకనాడు గురువుగారిని ఒక ప్రశ్న అడిగింది. ఆయన దానికి జవాబు చెప్పలేదు, ఆట వేశారు.

ఆచార్యులవారి తాతముత్తాతలు గంజీఫా అనే పాతకాలపు గుండ్రటి పేకముక్కల మీద దశావతారాలు గీసినవారు. ఆ విద్య తనతో ఆగిపోకూడదని ఆయన ఒక కొత్త కార్డుల ఆట కట్టారు. దాని పేరు ‘ఏడు కోటలు’. అందులో గంధర్వులున్నారు, ఎగిరే ఏనుగు ఉంది, నీటి అడుగున నగరాన్ని ఏలే రాణి ఉంది. జనం ముక్కల పొట్లాలు కొనుక్కుంటారు. ఒకటికి రెండున్న ముక్కలను ఎదుటివారితో మార్చుకుని, ఎవరి కట్ట వారు కూర్చుకుంటారు. ఎదుటివారి కోటలన్నీ పడగొట్టినవారిది గెలుపు, చివరి కోట ముందు ఆగిపోయినవారిది ఓటమి. మన చేతులు గీసిన రాణులూ రాక్షసులూ ఊరూరా చేతులు మారుతుంటే చూడడం ఎంత వైభవమో! చెబుతుంటేనే నా ఛాతీ పొంగుతోంది, మీ దగ్గర దాచుకోవడమెందుకు?

ఆ ఆటలో ప్రతి ముక్క మీదా బొమ్మ కింద రెండు గడులుంటాయి. పై గడిలో బలం, కింది గడిలో లోపం. అగ్నిరాక్షసుడు ముట్టుకున్నదల్లా మండుతుంది. వాన చప్పుడు వినబడితే మాత్రం ఆయన నిద్రపోతాడు. ఎగిరే ఏనుగును ఏ బాణమూ అందుకోదు. పిల్ల ఏనుగు పిలిస్తే మాత్రం యుద్ధం వదిలి వెళ్ళిపోతుంది. శిష్యులు కొత్త ముక్క పట్టుకొస్తే ఆచార్యులవారు ముందు బొమ్మ చూడరు. దాన్ని అరచేత్తో మూసి, కింది గడి చదివి, “సరే, ఈయన ఎలా ఓడతాడో చెప్పు” అంటారు. అది కుదిరాకే చెయ్యి తీస్తారు.

హంసవేణిది ఆ ఇంట్లో అందరికంటే మంచి చెయ్యి. అయినా ఎన్నాళ్ళుగా ఉన్నా ఆమె ముక్క ఒక్కటీ అచ్చుకు పోలేదు. రంగులు నూరడంతోనూ, ఇతరుల బొమ్మలకు నగలు దిద్దడంతోనూ కాలం గడిచింది. దసరాకు రాబోయే పొట్లంలో ఇక ఒకే ఒక్క చోటు మిగిలింది. ఆ చోటు కోసం ఆమె వజ్రవర్మ అనే వీరుణ్ణి గీసింది. ఆ కవచం మెరుపుకు చూసేవాళ్ళు కళ్ళు చిట్లించవలసిందే. మీసం మాత్రం ఏ రాజుదీ కాదు, వాళ్ళ నాన్న ఓబులేసుది. ఓబులేసు ఒకప్పుడు ఊళ్ళో బోర్డులు రాసిన పెయింటరు. సినిమా హాలు గోడ మీద, ఎరువుల కొట్టు తలుపు మీద, లారీల వెనక, ఎక్కడ చూసినా ఆయన అక్షరమే. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి, ఆయన బోర్డుల కొట్టు మూతబడింది. ఇప్పుడు ఒక కల్యాణమండపం గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. నాన్న ఓడిపోవడం కళ్ళారా చూసిన కూతురు, ఆ మీసం పెట్టిన వీరుడికి మళ్ళీ ఓటమి రాయగలదా? ఆమెకు చెయ్యి రాలేదు. అలాగని గడి ఖాళీగా వదిలితే గురువుగారు ఊరుకోరు. అందుకని ఆ గడి నిండా తీగలు అల్లేసింది. ఆకులు, మొగ్గలు, ఒక మొగ్గ మీద తుమ్మెద. అక్కడ గడి ఉందని పట్టిచూస్తే తప్ప తెలియదు.

ఆచార్యులవారు బొమ్మను మూసి కిందికి చూశారు.

“తుమ్మెద ప్రాణంతో ఉందమ్మాయీ. దాన్ని కాస్త లేవమను, కింద ఏం రాశావో చదువుకుంటాను.”

హంసవేణి తల వంచలేదు. “కింద ఏమీ లేదు గురువుగారూ. ఈయన ఓడడు. ఓడని వీరుణ్ణి గీస్తే తప్పేమిటి?”

“తప్పో ఒప్పో నాకేం తెలుసు?” అన్నారాయన. “శనివారం స్వామి ఊరేగింపు అయ్యాక పచ్చిముక్కల ఆట ఉంది కదా. నీ వీరుణ్ణి నాకియ్యి, నేను ఆడతాను. ఎదురుగా నువ్వు కూర్చో.”

పచ్చిముక్క అంటే ఇంకా అచ్చుకు పోని ముక్క. దాన్ని ముందు ఊరివాళ్ళ ఎదుట ఆడించడం ఆ ఇంటి ఆచారం. జనం కూర్చుని చూస్తే అచ్చుకు పోతుంది. మధ్యలో లేచిపోతే ఇంటికి పోతుంది. వాళ్ళకు గీత తెలియకపోవచ్చు, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో మాత్రం తెలుసు.

శనివారం సాయంత్రం హారతి కళ్ళకద్దుకుని జనం గుడి మండపంలో సర్దుకున్నారు. బజ్జీల బండి బాలమ్మ పొయ్యి సన్నం చేసి మరీ వచ్చింది. ఓబులేసు డ్యూటీ బట్టల్లోనే, మెడలో విజిల్ వేలాడుతుండగా వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. కూతురి మొదటి ముక్క ఆడుతున్నారని తెలుసు గానీ, అందులో ఉన్నదెవరో ఆయనకు తెలియదు.

గురువుగారు వజ్రవర్మను దించారు. “ఆహా!” అన్నారు జనం. హంసవేణి నీటి రాణిని పంపింది, రాణి పడిపోయింది. చప్పట్లు కొట్టారు. ఎగిరే ఏనుగును పంపింది, ఏనుగూ పడింది. ఒకరిద్దరు కొట్టారు. అగ్నిరాక్షసుడు పడినప్పుడు ఎవరి చేతులూ కదల్లేదు. హంసవేణి కోటలన్నీ వరసగా కూలిపోయాయి. గురువుగారు ముఖంలో ఏ భావమూ లేకుండా ముక్కలు కలిపి మళ్ళీ పంచారు. రెండో ఆటా అదే దారి పట్టింది. వెనక వరసల్లో వాళ్ళు లేచి పంచెలు దులుపుకోసాగారు.

బాలమ్మ అందరికీ వినబడేలా అంది: “సామీ, మీ వీరుడు గెలుస్తాడు, మాకు తెల్సిపాయ. ఇంగ మేమేం చూడాల ఈడ? నా నూనె కాగిపోతాంది, నేను పోతాండా.”

జనం గొల్లుమన్నారు. హంసవేణి ముఖం కందిపోయింది. తన వీరుడు గెలుస్తూనే ఉన్నాడు, మండపం ఖాళీ అవుతూనే ఉంది. దసరా పొట్లంలో ఆ ఒక్క చోటు కళ్ళ ముందే జారిపోతోంది. ఆమె చేతిలో ఇక మిగిలింది ఒకే ముక్క, ముందు నిలిచింది ఒకే కోట.

అప్పుడు ఓబులేసు ముందుకొచ్చి, గురువుగారికి నమస్కారం పెట్టి, వజ్రవర్మను చేతిలోకి తీసుకున్నాడు. చత్వారపు కళ్ళకు ఆనేంత దూరంగా పట్టుకుని చూశాడు.

“మీసం నాదే కదమ్మా?”

“నీదే నాన్నా.”

“అబ్బ, ఏం చెయ్యమ్మా నీది! ఒక్కొక్క వెంట్రుకా లేచి నిలబడినట్టుంది.” కాసేపు మురిసిపోయి, తల గోక్కున్నాడు. “అంతా బాగుంది గానీ, నేనెప్పుడమ్మా ఇంతమందిని కొట్టింది?”

లేచినవాళ్ళు కూడా ఆగి నవ్వారు. హంసవేణి నవ్వలేదు. “నిన్ను ఇంకెవరూ ఓడించకూడదనే నాన్నా,” అంది. ఆ మాట ఆయనకు తప్ప ఎవరికీ వినబడలేదు.

“ఫ్లెక్సీలు నన్ను ఓడించినాయనుకుంటివా? వాన పడి గోడ తడిస్తే గోడ ఓడినట్టా? అది కాలం తల్లీ. నేను ఓడింది ఒకే ఒక్కసారి, అదీ నా ఇష్టంతో. ఆ పొద్దు నువ్వూ ఉంటివి. హాలు గోడ మొత్తం నాకే ఇచ్చిన పొద్దు.”

ఆమెకు గుర్తుంది. అప్పుడు చిన్నపిల్ల, రంగు డబ్బా పట్టుకుని నాన్న వెంట వెళ్ళింది. నిచ్చెన వేశారు, సున్నం ఆరింది, ఊళ్ళోకెల్లా పెద్ద గోడ తెల్లగా ఎదురుచూస్తోంది. అప్పుడు పెయింటరు మస్తాను వచ్చి ఆ గోడకు అడ్డంగా నిలబడ్డాడు. “అన్నా, నా కోసమైతే అడగను. తమ్ముడు కాలు విరిగి ఆస్పత్రిలో పడుండాడు, వానికోసం నిలబడినా,” అన్నాడు. ఓబులేసు తన కుంచెను మస్తాను చేతిలో పెట్టి, కూతురిని రమ్మని ఇంటిదారి పట్టాడు.

“మీయమ్మ తిట్టిన తిట్లు ఇంగా చెవుల్లో ఉండాయి,” అన్నాడు ఓబులేసు. “అయినా ఆ పొద్దు నేను బజార్లో ఎట్ల నడిచినానో చూసినావా? నీకు తెల్దు. ఏనుగు మీద పోయినట్టు పోయినా!”

ఆమె చూసింది. అందరికంటే దగ్గరగా చూసింది. వెనక వెనకే పరుగెత్తలేక ఆయన చొక్కా అంచు పట్టుకుంది కూడా. ఇన్నేళ్ళూ ఆ నడకను అవమానంతో వేసిన నడక అనుకుంది. తాను గీసిన వీరుడికి నాన్న మీసం వచ్చింది గానీ, ఆ నడక రాలేదని ఆ క్షణాన అర్థమైంది.

“గురువుగారూ, కాస్త ఆగండి,” అంది. రంగుల పెట్టెలోంచి తెల్ల రంగు తీసి, తాను అల్లిన తీగల మీద పూసేసింది. ఆకులు పోయాయి, మొగ్గలు పోయాయి. “అయ్యో, తుమ్మెద తల్లీ!” అని ముందు వరసలో ఒక ముసలాయన అరిచాడు. తుమ్మెద కూడా పోయింది. నోటితో ఊది ఆరబెట్టి, సన్నకుంచెతో ఆ గడిలో ఒక వాక్యం రాసింది. రాసి ఊరుకోలేదు. లేచి నిలబడి, జనమంతా వినేలా చదివింది:

“ఇంకొకరిని కాచడానికి అడ్డం నిలిచినవారి మీద ఇతని కత్తి లేవదు.”

ముక్కను గురువుగారి ముందు పెట్టి కూర్చుంది. “ఇప్పుడు ఆడండి.”

ఆమె చేతిలో మిగిలిన ముక్క దీపాల అవ్వ. ఏడు కోటల్లో అంతకంటే చిన్న ముక్క లేదు. చేతిలో ప్రమిద తప్ప ఆయుధం లేదు, కోట ముందు నిలబడడం తప్ప మరో విద్య లేదు. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, మార్చుకుందామంటే ఎవరూ తీసుకోరు. హంసవేణి ఆ అవ్వను తన చివరి కోటకు ముందు నిలబెట్టింది.

నూనె సంగతి మరిచి బాలమ్మ మళ్ళీ కూర్చుంది. ఆచార్యులవారు వజ్రవర్మను ఎత్తారు. కోట దాకా తెచ్చారు. అవ్వ ముందు ఆ చెయ్యి ఆగింది. ఆగిన చెయ్యి అలాగే ఉండగా, రెండో చెయ్యి కూడా చేర్చి, గర్భగుడిలో విగ్రహాన్ని దించినంత మెల్లగా ఆ ముక్కను బోర్లా పెట్టారు. “ఓడిపోయాను,” అన్నారు. ఓడినవాడి ముఖం అంతగా వెలగడం ఆ ఊరు అంతకు ముందు చూడలేదు.

అప్పుడు లేచిందయ్యా కేక! మండపం పైకప్పులో పావురాలన్నీ లేచిపోయాయి. “ఇంగోసారి ఆడండి సామీ!” అని బాలమ్మే ముందు అరిచింది. “ఆ మీసాలాయన నాకు కావాల, నా నీటి రాణిని ఇస్తా!” అని ఒకడు, “రాణి ఒకతే యాడ సాల్తాదిరా, ఏనుగును గూడా కలుపు!” అని ఇంకొకడు. ఓబులేసు టోపీతో కళ్ళు తుడుచుకుంటూ, “నన్ను మార్చుకుంటారంటబ్బా వీళ్ళు!” అని పక్కవాడి వీపు చరిచాడు. హంసవేణి ఆ గోల మధ్య నిటారుగా, చిన్నపాటి మహారాణిలా కూర్చుంది. కూర్చోదా మరి!

అమ్మలారా, అయ్యలారా, నేను చెప్పినదాంట్లో మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్క పని గుర్తుపెట్టుకోండి: ఆ పిల్ల తాను అందంగా అల్లిన తీగలను తన చేత్తోనే చెరిపి, తన వీరుడు ఎక్కడ తలవంచుతాడో రాసి, పదిమంది ముందు నిలబడి చదివింది. ఇంటికి వెళ్ళి మీ వాళ్ళకు ఆ పని చెప్పండి. వాళ్ళను ఇంకొకరికి చెప్పమనండి. చెప్పేటప్పుడు, ఆ ముక్క మీద అచ్చుకు ముద్ర వేసి చేతికిస్తూ ఆచార్యులవారు హంసవేణితో అన్న మాట కూడా చెప్పండి. ఆయన ఇంతే అన్నారు:

“ఇందాక నీ వీరుడి ఎదుట ఎవరూ నిలవలేరని తెలిసి లేచిపోయారమ్మా. ఇప్పుడు చూడు, అందరికీ ఆయన పక్కన నిలబడాలని ఉంది.”