నూకన్న పొట్ట పరీక్ష

రాజుగారికి సముద్రం మీద షికారు చెయ్యాలని బుద్ధి పుట్టింది. పడవల రేవుకి వచ్చారు.

“ఒరే నూకన్నా, పడవ అడుగు మా కొలువుకూటం నేలలా చదునుగా ఉండాలి. కెరటాల్లో ఒళ్ళు కుదిపిందో, నీ తల తీయిస్తా!”

పడవలు చేసే నూకన్నకి చెమటలు పట్టాయి. చదును అడుగుని కెరటం బాదకుండా వదులుతుందా?

“మొద్దుబుర్రవాణ్ణి, చెప్పడం రాదు ప్రభూ. మా ఇంటిది రోజూ తిట్టే ఈ పొట్టే చెబుతుంది,” అంటూ గట్టు మీంచి నీళ్ళలోకి బోర్లా దూకాడు. ఫెళ్ళుమంది! పొట్ట ఎర్రగా కందిపోయింది. మళ్ళీ గట్టెక్కి, ఈసారి చేతులు జోడించి తలకిందులుగా దూకాడు. గంగమ్మ చప్పుడు లేకుండా లోపలికి తీసుకుంది.

“మొదటిది చదును పడవ, రెండోది నీళ్ళని చీల్చే కోసు అడుగు పడవ ప్రభూ.”

“ఒక్కసారికేం తెలుస్తుంది? మొదటిది మళ్ళీ దూకు!”

“నాదెంత, బుల్లి పొట్ట. తమరు దూకితే పెద్ద పడవ సంగతి కూడా తేలిపోతుంది.”

రాజుగారు తన బొజ్జ నిమురుకున్నారు. “కోసుగానే చెయ్యవయ్యా!”