నూకాలత్త అనని మాట

జీడితోట చివర, వాగు ఒడ్డున ఒంటి తాటిచెట్టు ఒకటుంది. దాని మట్టలకు వేలాడే గూళ్ళన్నిటిలోకీ పొడవైనది చిట్టెన్న అనే గిజిగాడిది. గూడు అల్లడం ఆ జాతికి పుట్టుకతో వచ్చే విద్య. చిట్టెన్న అంతటితో ఆగలేదు. తోట పక్కన సెల్ టవరు లేచి, కాకి దగ్గర్నుంచి కప్ప దాకా అందరూ ఫోన్లు పట్టాక, వాడు వెబ్‌సైట్లు అల్లడం నేర్చాడు. ఏది అల్లినా పోగు జారకుండా అల్లేవాడు. కాకపోతే పనిమంతులకుండే జబ్బు వాడికీ ఉండేది. పని బాగా కుదిరిందా లేదా అని పదిసార్లు చూసుకునేవాడే గానీ, అది ఎవరికి, ఎందుకు అని ఒక్కసారీ అడిగేవాడు కాదు.

తోటకి ఇవతల పాత కొట్టంలో పన్నెండు కోళ్ళుండేవి. వాటికి పెద్దదిక్కు నూకాలత్త. ఆవిడ వాగులో కాలు పెట్టిందంటే లోతు లేదని మిగతా పదకొండూ కళ్ళు మూసుకుని దిగేవి. చిట్టెన్న రెక్కలు రాకముందు గూట్లోంచి జారి కింద పడితే, తన పిల్లల్లో కలుపుకుని నాలుగు రోజులు రెక్క కింద దాచింది ఆవిడే. అప్పట్నుంచి వాడికి అత్త. కిందటేడు తుపానుకి ఆ కొట్టం కప్పు ఎగిరిపోయింది. ఈ వానలకి తలదాచుకునే చోటు దొరక్కపోతే కోళ్ళ బతుకు వాగుపాలే.

రోహిణి ఎండల్లో ఒకరోజు జంబులింగం అనే నక్క తాటిచెట్టు కిందికొచ్చింది.

"తమ్ముడూ చిట్టెన్నా, నీ పనితనం గురించి తోటంతా చెప్పుకుంటున్నారు. మాకో వెబ్‌సైట్ చేసిపెట్టాలి. 'చల్లని నీడ' అని వానాకాలం వసతి నడుపుతున్నాను. నీడలేని పక్షుల కోసం."

"పక్షుల కోసం... మీరా బాబుగారూ?"

"మాంసం ముట్టి ఏడాదైంది. జీడిపళ్ళతోనే కాలక్షేపం. కానీ ఎవరు నమ్ముతారు చెప్పు? నా మొహం చూసి నమ్మేటట్టయితే గుమ్మానికో బోర్డు కట్టుకునేవాణ్ణి. నీ దగ్గరకెందుకొస్తాను?"

ఆ మాటలో చిట్టెన్నకి నిజాయితీ కనబడింది. అక్కడే వాడు ఆగి ఆలోచించాల్సింది. కానీ అంత పెద్ద కస్టమరు చెట్టు కింద నిలబడి తమ్ముడూ అనడం అదే మొదటిసారి. మనకెందుకు, పని మనది, పుణ్యపాపాలు వాళ్ళవి అనుకున్నాడు.

"ఎన్ని గదులు బాబుగారూ?"

"పదకొండు."

"సరే. పేజీల్లో వెయ్యాల్సిన మాటలు, ఫోటోలు, మీ దగ్గర ఉండి వెళ్ళినవాళ్ళ అభిప్రాయాలు పంపించండి. వారంలో అల్లేస్తాను."

"రేపే పంపిస్తాను. మృగశిర రాకముందే అయిపోవాలి సుమా."

రేపు వచ్చింది గానీ మాటలు రాలేదు. వచ్చింది ఒక మార్పు. ఆకుపచ్చ కాస్త ముదురుగా ఉండాలట. మర్నాడు ఇంకోటి, ముదురు మరీ ముదిరిందట. ఆ తర్వాత తన తోక ఫోటో పైన పెట్టమంది. పెడితే పెద్దది చెయ్యమంది. చేస్తే తోక బాగుంది గానీ పేజీలో ఏదో వెలితిగా ఉందంది. ఏది వెలితి బాబుగారూ అంటే, అది తెలిస్తే నీ దాకా ఎందుకు, నువ్వే కనిపెట్టాలి అంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, రాయడానికి ఒక్క ముక్క లేదు గానీ రంగులు మాత్రం ఏడుసార్లు మారాయి.

ఖాళీ పేజీ చూపిస్తే ఏ కస్టమరుకీ నచ్చదు. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఒక అలవాటు. అసలు మాటలు వచ్చేదాకా ఆ చోట ఏవో నమూనా మాటలు పెడతారు. చిట్టెన్నా అదే చేశాడు. పై వరసలో, "మీ రెక్కల కింద ఉన్నంత భద్రంగా మీ పిల్లలు ఇక్కడ ఉంటారు" అని రాశాడు. అభిప్రాయాల చోట ఎవరి ఫోటో పెట్టాలా అని వెతికితే, చేతికి దొరికింది నూకాలత్తది. కిందటేడు ఎండలో రెక్కలార్చుకుంటూ నిండుగా నవ్వుతున్నప్పుడు తనే తీసిన ఫోటో. దాని కింద, "ప్రతి వానాకాలం నేనుండేది ఇక్కడే. నా మాట నమ్మి రండి. నూకాలు" అని రాసి, మూల బూడిదరంగులో 'నమూనా' అని చిన్నగా వేశాడు.

ఆ రోజు నక్క పేజీ చూసి వెంటనే ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఇప్పుడు కళ వచ్చింది. కానీ మూల ఆ బూడిదరంగు మచ్చ ఏమిటి? కంట్లో నలుసులా ఉంది. తీసెయ్."

"అది నమూనా అని గుర్తు బాబుగారూ. మీ మాటలు రాగానే ఇవన్నీ మార్చాలి కదా."

"మారుద్దాం, మారుద్దాం. ముందు మచ్చ తియ్యి. చిన్న మార్పే కదా."

ఏడు మార్పులు చేసి చేసి చిట్టెన్న ముక్కు అరిగిపోయి ఉంది. ఎనిమిదోది నిజంగానే చిన్నది. తీసేశాడు. తీశాక ఓసారి చూసుకుని, అవును, ఇప్పుడే బాగుంది అని కూడా అనుకున్నాడు.

మర్నాడే చినుకు పడింది. మాటలు పంపకుండానే నక్క వెబ్‌సైట్ తెరిచేసింది.

కొట్టంలో మోకాలి లోతు నీళ్ళు. నూకాలత్త అప్పటికి వాగవతల ఉంది. ప్రతి వానాకాలం కూతురు గుడ్లు పొదగడానికి కూర్చుంటే తోడుకెళ్తుంది. ఆవిడకి ఫోను లేదు. పైడమ్మ అనే కోడి ఫోన్లో ఆ పేజీ చూసి అందర్నీ పిలిచింది.

"ఇటు సూడండే. అత్త బొమ్మేసి ఉంది. వానాకాలం అక్కడే ఉంటాదట."

"నక్క కొంపలోనా? కూతురింటికెల్తానని కదే సెప్పింది?"

"అలాగే సెప్తాది మరి. యేటా ఈ రోజుల్లోనే మాయమైపోతాది కదా. మంచి సోటు తనొక్కర్తే దాసుకుంది."

అనుమానం నక్క మీంచి నూకాలత్త మీదికి జారింది. మూడు నొక్కుల్లో గది దొరికేట్టు చిట్టెన్న అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అల్లి ఉంచాడు. పదకొండు కోళ్ళూ నొక్కాయి. వానలో వరసగా, అత్తని కాస్త తిట్టుకుంటూ నడిచి వెళ్ళాయి.

ఆ పేజీ అడుగున ఖాళీ గదుల లెక్క ఉంది. గది నిండితే తగ్గుతుంది, ఖాళీ అయితే పెరుగుతుంది. అది చిట్టెన్న సొంత ముచ్చట, ఎవరూ అడగలేదు. మొదటిరోజు 'ఖాళీలు లేవు' అని చూపించింది. రెండోరోజు ఒకటి. నాలుగోరోజు మూడు. వాడు గూట్లో కూర్చుని అంకె మారినప్పుడల్లా మురిసిపోయాడు. వాన తెరిపిచ్చినప్పుడు ఎవరిళ్ళకి వాళ్ళు పోతున్నారు కాబోలు అనుకున్నాడు. కొట్టం వైపు మెడ తిప్పి చూస్తే తెలిసేది. చూడలేదు.

మూడు వారాలకి నూకాలత్త తడిసి ముద్దై చెట్టు కిందికొచ్చింది.

"అల్లుడూ, కొట్టంలో ఒక్కర్తీ లేదు. ఎక్కడికెల్లారో నీకేటైనా ఎరికా?"

చిట్టెన్న ఫోను తీశాడు. ఖాళీలు, పదకొండు. దిగి వచ్చి పేజీ ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడకి చదువు రాదు, తన మొహం మాత్రం గుర్తుపట్టింది.

"ఇది నానే కదా. కింద ఏటి రాసుంది?"

చదివి వినిపించాడు.

"ఈ మాట నానెప్పుడన్నాను అల్లుడూ?"

"నువ్వనలేదత్తా. అది నమూనా."

"నమూనా అంటే ఏటి?"

"నిజం వచ్చేదాకా ఆ చోట పెట్టేది."

"మరి నిజం వచ్చిందా?"

చిట్టెన్న ఏడుస్తూ నక్క బొరియ దాకా ఎగిరాడు. గుమ్మం ముందు పైడమ్మ ఎర్ర ఈకలు బురదలో అంటుకుని ఉన్నాయి. జంబులింగం కడుపు నిమురుకుంటూ ఎదురొచ్చింది.

"ఎందుకలా ఊగిపోతావు తమ్ముడూ? అందులో నేను రాసిన అక్షరం ఒక్కటి చూపించు. భద్రం అని నేనన్నానా? అత్త బొమ్మ నేనడిగానా? రంగులు తప్ప నేనేమీ చెప్పలేదు. అంతా నీ చేతి పనే."

"ఇప్పుడే తీసేస్తాను."

"తీసెయ్. దాంతో పనైపోయింది."

చిట్టెన్న అక్కడికక్కడే పేజీ పీకేశాడు. వారాల తరబడి అల్లింది చిటికెలో పోయింది. కానీ వాగవతలి కోళ్ళు అప్పటికే ఆ బొమ్మని ఫోన్లలో దాచుకుని ఒకదానికొకటి పంపుకున్నాయి. సాయంత్రానికి ఒక తల్లికోడి ఎనిమిది పిల్లల్ని వెంటేసుకుని, కాలిబాట మీద బొరియ వైపు వస్తూ కనిపించింది.

చిట్టెన్న వెనకే నడిచొచ్చిన నూకాలత్త అడ్డంగా నిలబడింది.

"అటెల్లకే అమ్మా. అది సావు కొంప."

"నువ్వెవరివి?"

"నాను నూకాల్ని."

తల్లికోడి ఫోన్లో బొమ్మని చూసింది, ఎదురుగా ఉన్నదాన్ని చూసింది. ఈకలు అంటుకుపోయి, కళ్ళు పీక్కుపోయిన ముసలికోడి.

"నూకాలత్త ఇలాగుండదు. ఇదిగో, ఎంత నిండుగా నవ్వుతోందో సూడు. నీకు సోటు దొరక్క మా మీద పడి ఏడుస్తున్నావు."

చిట్టెన్న వచ్చి మధ్యలో వాలాడు.

"ఆవిడే నూకాలత్త. ఆ మాటలు ఆవిడవి కావు. ఆ బొమ్మ పెట్టింది నేను, రాసింది నేను."

తల్లికోడి మొహం విప్పారింది.

"నువ్వేనా బాబూ? సల్లగా ఉండు. ఈ వానలో పిల్లల్నేసుకుని ఎటెల్లాలో తెలీక సస్తన్నాం. అరిటాకులో వడ్డించినట్టు రాసిపెట్టేవు" అని వాణ్ణి దీవించి, పిల్లల్ని రెక్కల కిందికి తోసుకుంటూ ముందుకి నడిచింది.

నిజం వచ్చేదాకా ఉండనీ అని కూర్చోబెట్టిన అబద్ధం, నిజం వచ్చాక లేచి చోటివ్వదు.