ముందెక్కిన పురుగులు

"ప్రాణమున్నవాటిని చదువుకుందామని వచ్చాను సార్. ఈ సగటులూ విచలనాలూ నాకెందుకు?" అని పర్వీన్ ఒకరోజు క్లాసులోనే రుద్రమూర్తి గారిని అడిగేసింది. మేమంతా లోలోపల సంతోషించాం. మాలో ముప్పాతికమంది లెక్కలకు జడిసి జువాలజీలో చేరినవాళ్ళమే. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే స్టాటిస్టిక్స్ ఎదురొచ్చి నిలబడుతుందని ఎవరనుకున్నారు? రుద్రమూర్తి గారికి అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. చాక్‌పీసు బల్లమీద పెట్టి, "నీ ప్రాజెక్టు ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

ఆమెది పట్టుపురుగుల ప్రాజెక్టు. హిందూపురం దగ్గరి పల్లెలో ఈరన్న అనే రైతుకు పురుగుల షెడ్డు ఉంది. కొత్త రకం మల్బరీ ఆకు మేపితే గూళ్ళు బరువు తూగుతాయా లేదా అన్నది తేల్చాలి. మూడో జ్వరం లేచిన నలభై పురుగుల్ని రెండు తట్టల్లో పెట్టి, ఒక తట్టకు కొత్త ఆకు, రెండోదానికి ఈరన్న పాత తోట ఆకు వేయాలి. పురుగు పొర విడవడాన్ని ఆ వైపు రైతులు జ్వరమంటారు. ఏ పురుగు ఏ తట్టలోకి వెళ్ళాలో చీట్లు తీసి తేల్చమని సారు పాఠంలో చెప్పే ఉన్నారు. కళ్ళుండగా చీట్లేమిటని పర్వీన్‌కు నవ్వొచ్చింది. పురుగుల మీద తాజా ఆకు పరిచి, పైకెక్కినవాటిని ఎక్కినట్టే ఏరి, మొదటి ఇరవైని కొత్త ఆకు తట్టలో, తర్వాతి ఇరవైని పాత ఆకు తట్టలో వేసింది. ఆ పిల్ల కష్టపడలేదని మాత్రం అనలేం. ఈరన్న ఇంట్లోనే ఉండి, రెండు వారాలు ఒక్క మేత తప్పకుండా వేసింది.

కొత్త ఆకు తిన్న పురుగుల గూళ్ళే బరువు తూగాయి. ఆ తేడా ఏదో కాకతాళీయంగా వచ్చింది కాదని టీ-టెస్ట్ లెక్క కూడా చెప్పింది. సారు ఆ లెక్క కాగితం రెండుసార్లు చూసి, "లెక్కలో తప్పులేదు" అన్నారు. తర్వాత పురుగుల్ని ఎట్లా ఏరావని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పి, "ఈరన్నకు కూడా చెప్పేశాను సార్. సోమవారం పాత తోట పీకించేస్తున్నాడు, జేసీబీ మాట్లాడుకున్నాడు" అంది పర్వీన్ సంబరంగా.

సారు మర్నాడే మొదటి బస్సెక్కారు. పర్వీన్‌నూ, త్రాసు మోయడానికి నన్నూ రమ్మన్నారు. ఈరన్నకున్నది రెండెకరాల తోట, ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. పీకి కొత్తది నాటితే, అది నిండుగా మేతకొచ్చేసరికి ఏడాది పడుతుంది.

"ఒక్క పంట, ఇంకో విడత గూళ్ళు వచ్చేదాకా ఆగు ఈరన్నా" అన్నారు సారు.

"సదువుకున్న పాప చెప్పినాక ఇంగేం సూసేది సారూ?"

"నాకోసం ఆగు."

ఈరన్నకు అది నచ్చలేదు, కానీ ఆగాడు. సారు పర్వీన్ వైపు తిరిగి, "పోయినసారి ఎట్లా ఏరావో అట్లాగే ఏరు. రెండు తట్టలకూ పాత తోట ఆకే వెయ్యి" అన్నారు. ఒకే ఆకు వేసి ఏం చూడాలో ఆమెకూ అర్థం కాలేదు, నాకూ కాలేదు. సారుకు చాదస్తం ముదిరిందనే అనుకున్నాను.

పర్వీన్ అక్కడే ఉండి మేపింది. గూళ్ళు తీసే రోజుకు సారూ నేనూ మళ్ళీ వెళ్ళాం. తూకం నేనే వేశాను. ముందు ఏరిన ఇరవై పురుగుల గూళ్ళే బరువు. తేడా కూడా దాదాపు పోయినసారంతే. పర్వీన్ త్రాసు సరిగా లేదేమోనని మళ్ళీ తూయించింది. అయినా అంతే.

గూళ్ళు గంపకెత్తుతున్న ఈరన్న భార్య తిమ్మక్క మా మొహాలు చూసి నవ్వింది. "ముందుగా పైకెక్కేటివి ఎప్పుడూ గట్టివే గదమ్మా. ఎనకబడేటివి ఏ ఆకేసినా అంతే."

"మరి అప్పుడే చెప్పలేదేం అక్కా?"

"నువ్వడగల్యా. పెద్ద సదువుల్లో ఇట్లనే ఏరతారేమో అనుకుంటి."

ఈరన్న తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. "అయితే తోట పీకల్లా, వద్దా పాపా?"

పర్వీన్ సారు వైపు చూసింది. సారు గూళ్ళ వైపు చూస్తున్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో తల వంచుకునే చెప్పింది, "తెలీదన్నా. కొత్త ఆకు మంచిదో కాదో నాకింకా తెలీదు. నేను తొందరపడి చెప్పాను. సరిగ్గా చూసేదాకా పీకొద్దు." ఈరన్న జేసీబీ వద్దని ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు. అతను కోప్పడి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

తిరుగు బస్సులో పర్వీన్ అంది, "చీట్లు తీయనందువల్లే ఇట్లా అయిందని మీకు ఆ రోజే తెలుసు కదా సార్. ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది."

రుద్రమూర్తి గారు కిటికీలోంచి చూస్తూ అన్నారు: "చీట్లు తీయమని మా సారు నాకూ చెప్పారమ్మా. నా లెక్కా సరిగ్గానే వచ్చింది. అప్పుడు నా మాట విని తోట పీకినాయన ఇప్పుడు బెంగుళూరులో ఎవరి గేటు దగ్గరో కాపలా కాస్తున్నాడు."