మద్దిమానుకు పెట్టనివ్వని చిల్లు

నల్లవాగు అడవిలో ఉడుతలు, గోరింకలు, పునుగుపిల్లులు, వడ్రంగిపిట్టలు ఉండేవి. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా పాత తొర్ర తీసుకోవాలంటే ముందు వడ్రంగిపిట్ట ముక్కవ్వను పిలవాలి. ఆమె మాను మొదలు నుంచి పైదాకా ముక్కుతో కొట్టి మోత వినేది. అనుమానం వస్తే వేలెడంత చిల్లు పెట్టి, లోపలి పొట్టు చూసేది. ఆమె సరే అంటేనే కాపురం.

కుచ్చుతోక అనే ఉడుతకు గొప్పలంటే ప్రాణం. భార్య చిట్టెమ్మ, కళ్లయినా తెరవని నలుగురు పిల్లలు. వానలు ముంచుకొస్తున్నాయి, ఉన్న గూడు కారుతోంది. అప్పుడే గంధప్ప అనే పునుగుపిల్లి తన మద్దిమాను తొర్ర ఇస్తానన్నాడు. బదులుగా కుచ్చుతోకకున్న రెండు నేరేడు చెట్లూ అడిగాడు.

"ఏడు తరాల ఇల్లు! మా ముత్తాత దర్బారు చేసింది ఇక్కడే. ఎంత కమ్మటి వాసనో చూడు!" అన్నాడు గంధప్ప.

కమ్మగా ఉండదా మరి? లోపలి కుళ్లు తెలియకుండా తన ఒంటి పునుగంతా గోడలకు పూశాడు మహానుభావుడు!

ముక్కవ్వ వచ్చి మాను కొట్టింది. మొదలు దగ్గర మోత మారింది.

"ఇక్కడ డొల్లగా ఉంది నాయనా. చిల్లు పెట్టి చూడాలి."

"అపచారం! ఏడు తరాల ఇంటికి చిల్లా?" అంటూ గంధప్ప చెవులు మూసుకున్నాడు.

చూడ్డానికి వచ్చిన గోరింక నవ్వింది. "మా వంకర వేపకు అవ్వ మూడు చిల్లులు పెట్టింది. ఏ అపచారమూ జరగలేదు. హాయిగా ఉన్నాం."

"ఒక్క చిల్లే కదండీ, పెట్టనివ్వండి," అని చిట్టెమ్మ బతిమాలింది.

అందరూ చూస్తున్నారు. కుచ్చుతోకకు నామోషీ అనిపించింది. "వేపచెట్టు వాళ్లకేం తెలుసు పెద్దిళ్ల మర్యాద? చాల్లే అవ్వా, ఇక వెళ్లిరా," అన్నాడు.

"నేను సరే అనలేదు. పసివాళ్లున్నారు, ఆలోచించుకో," అని ముక్కవ్వ ఎగిరిపోయింది. కుచ్చుతోక నేరేడు చెట్లు ఇచ్చేసి, ఆ సాయంత్రమే పెళ్లాం పిల్లలతో మద్దిమాను తొర్రలో దిగాడు.

పైన పటారం, లోన లొటారం. ఆ సంగతి ఆశ్లేష కార్తె వాన చెప్పింది. మూడు రోజులు ఎడతెరిపి లేదు. మూడోనాటి మధ్యాహ్నం కుచ్చుతోక తిండికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మద్దిమాను నేలమీద పడి ఉంది. విరిగిన మొదట్లో చెక్క ఏదీ? అంతా చెదల మట్టి.

చిట్టెమ్మ బయట తడుస్తూ కూర్చుంది. ఆమె ఒడిలో ఇద్దరే ఉన్నారు.

కుచ్చుతోక రెండు చేతులతో మట్టి తవ్వాడు. గోరింక తవ్వింది, ముక్కవ్వ తవ్వింది. మిగతా ఇద్దరూ దొరికారు. ఊపిరి లేదు. గంధప్ప మాత్రం అవతల నేరేడు చెట్ల మీద పళ్లు తింటూనే ఉన్నాడు.

"మా వేపలో కింది తొర్ర ఖాళీగా ఉంది, రండమ్మా," అంది గోరింక.

"నా పరువు కోసం పిల్లల్ని చంపుకున్నానే!" అని కుచ్చుతోక గుండెలు బాదుకున్నాడు.

చిట్టెమ్మ అతని మొహం చూడలేదు. "ఏడుపు తర్వాత. ఒకణ్ణి నువ్వు ఎత్తుకో. వాన ఇంకా తగ్గలేదు," అంది.

నీతి: ఇంటి గొప్ప విని మురిసిపోకు. లోపల ఏముందో చూడనివ్వని ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టకు.